సెటోడాలో ఒక రాత్రి, నౌపడా దగ్గర అమ్మ వంటిల్లు

శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్లో ఉన్న పాత పెంకుటిల్లు పడగొట్టాలా వద్దా అని ఇంట్లో గొడవ మొదలై రెండేళ్లు దాటింది. అన్నయ్య పడగొట్టి స్లాబ్ వేద్దామంటాడు, నేను వద్దంటాను, అమ్మ ఏమీ అనకుండా లేచి లోపలికెళ్లిపోద్ది. నిరుడు నవంబర్‌లో తమ్ముడి దగ్గరికి జపాన్ వెళ్లి, అక్కడ ఒక దీవిలో వందేళ్లు దాటిన ఇంట్లో ఒక రాత్రి పడుకుని వచ్చాక నా వాదన మారింది. ఇల్లు ఉంచాలనే ఇప్పటికీ అంటున్నా. కాని ఇన్నాళ్లూ నేను చెప్పుకొచ్చిన కారణాలు సరైనవి కావు, అడగాల్సిన మనిషిని అడగనేలేదు. అదంతా ఒకచోట రాసి పెట్టుకుందామని కూర్చున్నా, కొంచెం పొడుగే అవుద్ది.

ముందు ఆ దీవికి సైకిల్ మీద వెళ్లిన దారి సంగతి చెప్పాలి. షిమనామి కైడో అంటారు. హిరోషిమా వైపు ఒనోమిచి అనే రేవు ఊరి నుంచి, అవతల షికోకు దీవిలో ఇమాబరి దాకా, మధ్యలో ఆరు దీవులు – ముకాయిషిమా, ఇన్నోషిమా, ఇకుచిజిమా, ఓమిషిమా, హకతాజిమా, ఓషిమా. వీటన్నిటినీ వంతెనలతో కలిపేశారు, ఒకటి తర్వాత ఒకటి కట్టుకుంటూ వచ్చి 1999 మే నెలకి వంతెనలన్నీ పూర్తి చేశారు. సైకిల్ మీద సుమారు 70 కిలోమీటర్లు. వంతెనలు కట్టింది కార్ల హైవే కోసమే, కాని కట్టేటప్పుడే సైకిళ్లకి, నడిచేవాళ్లకి పక్కన వేరే దారి పెట్టారు. నాకైతే ఆ ఒక్క ఆలోచన చాలు అనిపించింది. కింద నుంచి ఓడలు వెళ్లాలి కదా, వంతెనలు బాగా ఎత్తు మీద ఉంటాయి, ఆ ఎత్తుకి ఎక్కడానికి కొండ పక్కన మెలికలు తిప్పుతూ వేసిన సైకిల్ దారి వాలు 3 శాతమే, అంటే వంద మీటర్లు తొక్కితే మూడు మీటర్లు ఎక్కుతామన్నమాట. డిగ్రీ రోజుల్లో టెక్కలికి సైకిల్ మీద వెళ్లడం తప్ప ఇరవై ఏళ్లుగా పెడల్ ముట్టని నేను, ఆగి ఆగి అయినా సరే ఒక్కచోట కూడా దిగి తోయకుండా ఎక్కేశాను. రోడ్డు అంచున పొడుగూతా నీలం గీత గీసి ఉంటుంది, మ్యాప్ అక్కర్లేదు, మాట తెలియక్కర్లేదు, ఆ గీత పట్టుకుని పోవడమే. సైకిల్ ఒనోమిచిలో అద్దెకి తీసుకుని ఇమాబరిలో ఇచ్చేయొచ్చు.

మొదటి దీవికి మాత్రం సైకిళ్లవాళ్లు చిన్న పడవ మీదే దాటతారు, సైకిల్‌తో సహా ఎక్కితే అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఇన్నోషిమా వంతెనలో సైకిల్ దారి కార్ల రోడ్డుకి కింద అంతస్తులో ఉంటుంది, నెత్తి మీద లారీలు ఉరుముతుంటే రెండు పక్కలా జాలీలోంచి సముద్రం కనపడతా ఉంటుంది. ఆ వంతెన దాటి ఇంకో వంతెన ఎక్కి దిగితే ఇకుచిజిమా, అందులో సెటోడా ఊరు. ఊరి నిండా నిమ్మతోటలు, జపాన్‌లో నిమ్మకాయలకి పేరున్న ఊరు అది. రోడ్డు పక్కన చిన్న చెక్క అల్మారాలో కమలాపళ్లు సంచుల్లో కట్టి పెట్టి ఉన్నాయి, మనిషి లేడు, డబ్బాలో 100 యెన్‌ల నాణెం వేసి సంచి తీసుకోవడమే.

సెటోడా అంటే ఒకప్పుడు ఉప్పు, ఓడల వ్యాపారం. ఆ సముద్రం అంచునంతా ఉప్పు మళ్లు ఉండేవట, 1971లో చట్టం తెచ్చి యంత్రాలతోనే ఉప్పు తీయాలని మళ్లు మూయించేశారు. ఉప్పు కొఠార్ల పక్కన పుట్టిన దాన్ని, తమ్ముడు ఈ మాట చెప్తుంటే నాకు గొంతు పట్టేసింది. నౌపడా ఉప్పు కొఠార్లు మా ఊరికి నడిచి వెళ్లేంత దూరం, చిన్నప్పుడు తెల్లగా కుప్పలు పోసి తాటాకులు కప్పి ఉండేవి, ఆ తెలుపు కళ్లకి గుచ్చుకునేది.

ఆ ఊళ్లో ఉప్పు వ్యాపారం చేసిన హొరియుచి కుటుంబం వాళ్ల పెద్ద ఇల్లుంది, 2021లో దాన్ని ఖరీదైన హోటల్ చేశారు. మేం దిగింది అది కాదు, అంత డబ్బు మా దగ్గర లేదు. వెనక సందులో ఒక ముసలావిడ నడుపుకునే మామూలు ఇల్లు. రెండు గదులు బాడుగకిస్తుంది, మూడో గదిలో ఆవిడ ఉంటుంది.

ఆ ఇంటి గురించి కొంచెం ఎక్కువే చెప్తా. తలుపు పక్కకి జరిపి లోపలికి అడుగు పెడితే ముందు మట్టి నేల, దోమా అంటారు, చెప్పులు అక్కడే. అక్కడి నుంచి మోకాలెత్తు మెట్టెక్కితే చాపల గది. ఆ చాపలు మన తుంగ చాపల్లాంటివే కాని రెండంగుళాల పైగా మందం, పరుపులాగా, అడుగు పెడితే మెత్తగా దిగుద్ది. గోడలు వెదురు తడికకి గడ్డి కలిపిన మన్ను మెత్తినవి, పైన సున్నం. మా తాత ఇంటి గోడలు కూడా అంతే, వరిగడ్డి కలిపి తొక్కి పులియబెట్టిన మన్నే. పైన నల్ల పెంకులు. లోపల తలెత్తి చూస్తే దూలాలు వంకర్లు వంకర్లుగా ఉన్నాయి, దేవదారు లాంటి చెట్టు ఎలా పెరిగితే అలాగే, చెక్కి తిన్నగా చేయలేదు. మనవి తాటి దూలాలు కాబట్టి తిన్నగా ఉంటాయి గాని పొగపట్టిన ఆ నలుపు, ఆ నున్నదనం ఒకటే. సముద్రం గాలి తగిలే బయటి గోడకి మాత్రం పలకలు కాల్చి బొగ్గు చేసి కొట్టారు. పైన బొగ్గు పొర ఉంటే ఉప్పుగాలికి, పురుగుకి చెక్క తట్టుకుంటుందట. మా పలాస వైపు జీడితొక్క నూనె రాస్తారు దూలాలకి చెద పట్టకుండా. ఎవరి దగ్గర దొరికింది వాళ్లు వాడుకున్నారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక స్తంభం. చాపల గదికి, మట్టి నేలకి మధ్యలో ఇంటి బరువంతా మోసే పెద్ద స్తంభం. నేల నుంచి మోచేయంత ఎత్తు వరకు కొత్త కర్ర, లేత రంగు. ఆ పైన పాత కర్ర, దాదాపు నలుపు. రెండూ కలిసిన చోట అడ్డంగా తిన్నగా కోసి పెట్టలేదు, మెట్టు మెట్టుగా కోసి ఒకదాంట్లో ఒకటి కూర్చి, మధ్యలో చిన్న కర్ర మేకు దిగ్గొట్టారు. వేలితో తడిమి చూస్తే అతుకు తెలియదు, కంటికి తెలుస్తుంది. అడుగు పుచ్చిపోయిందని స్తంభం మొత్తం తీసేయలేదు, పుచ్చినంత మేర కోసేసి కొత్త కాలు పెట్టారు. ఇంటిని జాకీల మీద లేపి ఆ పని చేస్తారట. రంగు కలిసేలా పాలిష్ కొట్టొచ్చు కదా అని తమ్ముడితో అడిగించా. ఎందుకు, ఏది ఎప్పుడు పెట్టామో తర్వాత వచ్చే వడ్రంగికి తెలియాలి కదా అందావిడ.

తర్వాత నేను అడిగిన మాటకి ఆవిడ చెప్పిన జవాబే ఈ వ్యాసం రాయించింది. ఈ ఇల్లు బాగుచేయాలనుకున్నప్పుడు మొదటి డబ్బు ఎక్కడ పెట్టారు అని అడిగా. పైకప్పు అంటుందనుకున్నా, స్తంభం అంటుందనుకున్నా. వంటిల్లు అంది. ఆ తర్వాత బాత్రూం. కప్పుకి టార్పాలిన్ కట్టి మరీ ముందు వంటింటి పని చేయించిందట.

ఎందుకంటే పాతకాలం వంటిల్లు ఆ మట్టి నేల మీద ఉండేది, మిగతా ఇల్లు మోకాలెత్తు పైన. ఆవిడ అత్తగారు కింద వండి, ప్రతి గిన్నే ఆ మెట్టెక్కి పైకి తెచ్చి పెట్టి, మళ్లీ దిగి, చలికాలంలో కాళ్ల కింద తడి మన్ను, అలా రోజుకి ఎన్నిసార్లో. ఈవిడ కూడా కోడలిగా కొన్నేళ్లు అలాగే చేసింది. యుద్ధం తర్వాత 1950ల్లో జపాన్ పల్లెల్లో పొయ్యిలు, వంటిళ్లు బాగుచేయాలని పెద్ద ఉద్యమమే నడిచిందట, ఈ ఇంటికి మాత్రం అది చాలా ఆలస్యంగా వచ్చింది. అత్తగారు పోయాక పన్నెండేళ్లు ఇల్లు తాళమేసి ఉంది, ఈవిడ ఒనోమిచిలో అద్దెకి ఉంది. ఇల్లంటే ప్రేమ లేక కాదు, ఆ మెట్టు మళ్లీ ఎక్కి దిగడం ఇష్టం లేక. ఇప్పుడు వంటిల్లు మిగతా ఇంటితో సమానంగా పైకి లేపి, గట్టు తన ఎత్తుకి కట్టించుకుని, కిటికీ పెద్దది చేసి, అప్పుడు వచ్చి చేరింది. స్తంభాలు, దూలాలు, గోడలు అన్నీ అలాగే ఉన్నాయి. వంటిల్లు, బాత్రూం మాత్రం ఇప్పటివి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. చాప మీద పరుపు మెత్తగానే ఉంది, చలి కూడా ఓర్చుకునేంతే. నేను రెండేళ్లుగా అన్నయ్యతో ఏం వాదిస్తున్నానో గుర్తొచ్చి పట్టలేదు. అరుగు చల్లదనం, పెంకుల మీద వాన చప్పుడు, తాత కూర్చున్న చోటు, నడిమింట్లో ఉయ్యాల, ఇవే నా వాదనలు. పాతిళ్ల మీద ప్రేమగా రాసేవాళ్లం చాలామందిమి అరుగు మీద కూర్చుని పెరిగినవాళ్లమే. వంటింట్లో కూర్చుని పెరిగినవాళ్లు రాయలేదు, వాళ్లనెవరూ అడగలేదు కూడా. మా ఇంట్లో వంటిల్లు వెనకాల వేరే చూరు కింద, లోపలికి వెళ్లాలంటే నడుం వంచాలి, కట్టెల పొయ్యి, పొగ వెళ్లడానికి పెంకుల సందే దారి. 1999లో దీపం పథకం గ్యాస్ పొయ్యి వచ్చేదాకా అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. గ్యాస్ వచ్చాక కూడా అదే చీకటి గదిలో, అదే వంగుడు. బాత్రూం అంటే పెరట్లో తడిక.

తిరిగొచ్చాక విజయనగరంలో మా ఇంట్లో అమ్మకి ఫోన్లో ఫొటోలు చూపించా. వంతెనలు చూసింది, బాగున్నాయంది. స్తంభం చూపిస్తే ఊ అంది. వంటింటి ఫొటో రాగానే ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూసి, "నీళ్లు ఎటు పోతన్నాయే?" అని అడిగింది. తర్వాత "ఆ గట్టు నా నడుం కాడికి వస్తాదా?" అంది. అప్పుడు నేను మొదటిసారి అడిగా, అమ్మా, మన ఇల్లు పడగొట్టాలంటావా ఉంచాలంటావా అని. రెండేళ్లలో మొదటిసారి.

"నువ్వు ఒక్క రాత్రి పడుకుని వచ్చి ఇల్లు ఇల్లని ఏడుస్తన్నావు. నాను నలబై ఏళ్లు ఆ పొయ్యి ముందు కూకున్నాను. యేటా పెంకు నేయించడానికి కూలోడు ఎక్కితే కింద నించి పెంకులు అందించింది నానే, తేళ్లు దులిపింది నానే. మీ అయ్య అరుగు మీద కూకుని లెక్కపెట్టీవోడు. ఇల్లంటే నాకూ ఇష్టమే. ఆ వంటిల్లు ఇష్టం నేదు."

కాబట్టి ఇప్పుడు నా మాట ఇది. పాతింటిని బాగుచేయాలంటే మొదటి రూపాయి వంటింటికి, రెండోది బాత్రూంకి, ఆ తర్వాతే మిగతాది. ముందు అరుగు రంగులేసి, గుమ్మానికి పాలిష్ కొట్టి, ఫొటోలు తీసుకుని, వంటిల్లు అలాగే వదిలేస్తే ఆ ఇంట్లో ఏ ఆడమనిషీ ఉండదు, ఉండమని అడిగే హక్కూ మనకి లేదు. ఆడమనిషి ఉండలేని ఇల్లు ఎలాగూ తాళం పడిపోద్ది.

తాళం పడితే ఏమవుద్దో మా వీధిలో వరసగా చూడొచ్చు. మా వైపు ఊళ్లలో ఇళ్లు గోడ గోడా కలిపి వీధి పొడుగునా ఉంటాయి, ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా. అరుగు, ముందు గది, నడిమిల్లు, వంటిల్లు, పెరడు. సగం ఇళ్లకి తాళాలు. చేపలవాళ్లు గుజరాత్‌లో వేరావల్ రేవుకి వెళ్లారు, మిగతావాళ్లు చెన్నై, హైదరాబాద్, విశాఖ. చాలామంది వెళ్లింది బిల్డింగ్ పనులకే, ఊరూరా అపార్ట్‌మెంట్లు లేపుతున్నవాళ్ల సొంతిళ్లు ఇక్కడ కూలిపోతున్నాయి. కోతి గెంతితే ఒక పెంకు పగులుద్ది. మనిషుంటే ఆ రాత్రే చుక్క పడ్డచోట గిన్నె పెట్టి, పొద్దున్నే పెంకు మారుస్తాడు. మనిషి లేకపోతే ఆ చుక్క వాసం మీద పడి వాసం పుచ్చుద్ది, వాసం కుంగితే పక్క పెంకులు జారతాయి, నీళ్లు గోడ నెత్తి మీదకి వస్తాయి, మట్టి గోడకి ఒళ్లు తడిస్తే ఎండుద్ది గాని నెత్తి తడిస్తే నిలబడదు. పొయ్యి వెలక్కపోతే పొగ లేదు, పొగ లేకపోతే దూలాలకి చెద. మూడు నాలుగు వానాకాలాలు చాలు. ఇల్లు ముసలిదై పడిపోయిందనుకుంటాం. ఒక్క పెంకు మార్చేవాళ్లు లేక పడిపోయింది.

జపాన్‌లోనూ ఇదే బాధ, ఇంతకన్నా పెద్దది. 2023 లెక్కల్లో అక్కడ ఖాళీ ఇళ్లు 90 లక్షలు, దేశం మొత్తం ఇళ్లలో 13.8 శాతం. ఆకియా అంటారు వాటిని. ఒనోమిచిలో కొండ మీద ఇళ్లయితే కారు వెళ్లే దారి కూడా లేదు, అన్నీ మెట్లే, అందుకే ఖాళీ అయిపోయాయి. అక్కడ 2007లో ఊరివాళ్లే కొందరు ఆకియా సైసెయ్ అని ఒక ప్రయత్నం మొదలుపెట్టారు, ఖాళీ ఇళ్లు బాగుచేసి ఉండేవాళ్లకి ఇప్పించడం. వాళ్లే బజారు వీధిలో సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పాత ఇంటిని గెస్ట్ హౌస్ చేశారు, పేరు అనగో నో నెదోకో, అంటే పాములా పొడుగ్గా ఉండే ఒక సముద్రపు చేప పడుకునే చోటు అని అర్థం. ఆ ఇల్లు చూస్తే మా వీధి ఇళ్లే. మనం పనికిరాని షేపు అనుకునే పొడుగిల్లు, వాళ్లు అదే పేరు పెట్టి బోర్డు కట్టారు.

అన్నయ్య వాదన కూడా నిజాయితీగా చెప్పాలి, అది తేలిగ్గా తీసేసేది కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాన్ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. అమ్మా నాన్నా ఆ రాత్రి ఎదురింటి స్లాబ్ కింద తలదాచుకున్నారు. పొద్దున్నే ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడి ఉన్న తీరు చూసినవాళ్లెవరూ పెంకుటిల్లు గొప్పదని గట్టిగా అనలేరు. స్లాబ్ ఉండాలి అన్న వాడి మాటలో భయం ఉంది, ఆ భయం నిజం.

కాని అదే ఎదురింటి స్లాబ్ ఇప్పుడు చూడండి. పదిహేనేళ్లు కాలేదు, కింద నుంచి పెచ్చులు ఊడుతున్నాయి, ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికొచ్చాయి. సముద్రం దగ్గర ఉప్పు గాలి, ఉప్పు ఇసుక కాంక్రీట్‌లోకి దిగితే లోపలి చువ్వ తుప్పు పడుద్ది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుద్ది, ఉబ్బి కాంక్రీట్‌ని పగలగొడుద్ది. మంచి సిమెంట్, కడిగిన ఇసుక, చువ్వ మీద సరిపడా కవరింగ్ ఉంటే నిలబడుద్ది, మా ఊళ్లో ఆ డబ్బు పెట్టి కట్టేవాళ్లెంతమంది? తిత్లీకి పోయింది మా పెంకులే, గోడలు కదల్లేదు, దూలం కదల్లేదు. పెంకులు బిగించలేదు, అందుకే ఎగిరాయి. జపాన్‌లో తుఫాన్లు మనకన్నా ఎక్కువ, 2022 నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో ప్రతి పెంకునీ మేకుతో బిగించాలని రూల్ పెట్టారు. మనకి తీగతో కట్టే పద్ధతుంది, నాలుగైదు వరసలకొక సిమెంట్ పట్టీ వేసే పద్ధతుంది, చూరు అంచు గట్టిగా పట్టించే పద్ధతుంది. చేయలేదంతే. నేను అన్నయ్యకి ఒప్పుకున్నది ఒకటుంది – వెనకాల కొత్తగా కట్టే బాత్రూం, స్టోర్ గది మాత్రం మంచి స్లాబ్ వేద్దాం, తుఫాన్ రాత్రి అందరం అందులో ఉండొచ్చు. అమ్మ దానికి వెంటనే సరే అంది.

ఇక దారి సంగతికి వస్తా, ఎందుకంటే సెటోడాలో ఆ ముసలావిడ ఇల్లు నిలబడింది ఆవిడ ఓపిక వల్ల మాత్రమే కాదు, గుమ్మం ముందు నుంచి సైకిళ్లు వెళ్తున్నాయి కాబట్టి. కారులో వెళ్లేవాడు ఇంకో గంట పోనిచ్చి సిటీలో దిగుతాడు. సైకిల్ మీద వచ్చేవాడికి చీకటి పడితే ఎక్కడున్నాడో అక్కడే ఇల్లు కావాలి, వేడినీళ్లు కావాలి, అన్నం కావాలి. మన చిన్న ఊళ్లకి సరిపోయే టూరిస్టు వాడే. మర్నాడు మేం తతారా వంతెన ఎక్కాం, 890 మీటర్ల మధ్య భాగం, కట్టినప్పుడు ప్రపంచంలో ఆ రకం తీగల వంతెనల్లో అదే పొడుగు, ఓమిషిమాలో ఓయమజుమి గుడి చూశాం, ఓషిమాలో చడావు ఎక్కలేక చచ్చాం, చివర్లో నాలుగు కిలోమీటర్ల కురుషిమా వంతెన. అన్నీ గొప్పవే. కాని నాలుగు రోజుల తర్వాత నాకు గుర్తున్నది స్తంభం, వంటింటి గట్టు.

మన దగ్గర వంతెనలు లేవు, ఆరు దీవులు లేవు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. మా ఇంటి నుంచి సైకిల్ మీద పొద్దున్నే బయల్దేరితే ఉప్పు కొఠార్ల గట్ల మీదుగా తేలినీలాపురం, సెప్టెంబర్ నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఇటు భావనపాడు సముద్రం. పైకి పోతే ఉద్దానం కొబ్బరి, జీడి తోటల నీడలో బారువా దాకా. కిందకి వస్తే కళింగపట్నం లైట్‌హౌస్, శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, శ్రీకూర్మం. వారాంతం విశాఖ నుంచి సైకిళ్ల గుంపులు హైవే మీద వస్తుంటాయి, లారీల మధ్య, మా ఊరు పక్కన ఉన్నట్టు కూడా వాళ్లకి తెలియదు. తారు రోడ్డు అంచున ఒక రంగు గీత గీయడానికి ఎంత ఖర్చవుద్ది చెప్పండి.

ఇంకో తేడా గమనించా. జపాన్ ఇంట్లో వసారా, ఎంగవా అంటారు, అది పెరటి తోట వైపు ఉంది. ఇంటివాళ్లు కూర్చుని తోట చూసుకోవడానికి. మన అరుగు వీధి వైపు ఉంటుంది. ఇంటివాళ్లతో పాటు దారినపోయేవాడు కూడా కూర్చోవాలని ఇల్లు కట్టేటప్పుడే కట్టిన చోటు అది, తలుపు తట్టక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు. దారి మీద వచ్చేవాడి కోసం వాళ్లు కొత్తగా నేర్చుకుని చేసింది మన ఇంటి ప్లాన్‌లోనే ఉంది. స్లాబ్ ఇల్లు కట్టిన ప్రతివాళ్లూ మొదట తీసేసేది అరుగు, ఆ చోట గేటు పెట్టి బండి పెడతారు.

పాత ఇళ్లు కాపాడ్డం అంటే మ్యూజియం చేయడం అని కూడా అనుకోవద్దు. విజయనగరంలో గురజాడ ఇల్లు ఉంచారు, ఉంచాల్సిందే, పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తుంటా నేను. కాని ఊళ్లో ప్రతి ఇల్లూ అలా ఉంచలేం, అక్కర్లేదు కూడా. మామూలు ఇంట్లో మామూలుగా వండుకోవాలి. కేంద్ర ప్రభుత్వం బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఒకటుంది, యజమాని ఆ ఇంట్లోనే ఉండి 6 గదుల వరకు ఇవ్వొచ్చు. యజమాని అక్కడే ఉండాలన్న ఆ షరతు నాకు బాగా నచ్చింది, ఎందుకంటే మనిషి ఉంటేనే పెంకు మారుద్ది. రిసార్ట్ పేరుతో సిమెంట్ కట్టి పైన పెంకు అతికించి, ఇక్కడ కూలిన ఇళ్ల గుమ్మాలు కొనుక్కెళ్లి గోడకి బిగించే పని మాత్రం నాకు కడుపు మండిస్తుంది. పాత గుమ్మాలు, దూలాలు కొనేవాళ్లు మా ఊళ్లకీ వస్తున్నారు. మా పెదనాన్నగారి ఇంటి గుమ్మం అలాగే పోయింది, చెక్కిన చిలకలతో సహా, కట్టెల రేటు కన్నా కొంచెం ఎక్కువిచ్చారు.

సంక్రాంతి అయ్యాక పని మొదలుపెట్టించా. అన్నయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆపలేదు కూడా. వంటిల్లు ముందు. నేల నడిమింటితో సమానం చేశాం, చూరు లేపించాం, ఇప్పుడు అమ్మ తిన్నగా నిలబడి లోపలికెళ్తుంది. కిటికీ పెరటి వైపు. గట్టు కట్టేటప్పుడు మేస్త్రీ తన లెక్క ప్రకారం ముప్పైమూడు అంగుళాలు పెట్టాడు, అమ్మ వచ్చి దాని మీద చెయ్యి ఆనించి చూసి రెండంగుళాలు తగ్గించమంది, ఇటుకలు తీసి మళ్లీ కట్టించా. నీళ్లు ఎటు పోతాయో ఆవిడే కర్రతో గీసి చూపించింది, అరటి చెట్ల మొదట్లోకి.

నడిమింటి స్తంభం ఒకటి అడుగున చెద తినేసి ఉంది. టెక్కలి నుంచి ముసలి వడ్రంగి ఒకాయన వచ్చాడు, ఫోన్లో ఆ జపాన్ స్తంభం ఫొటో చూపిద్దామని తీస్తే, ఆయన అటు చూడకుండానే, "ఇది అతుకేస్తే సరిపోద్దమ్మా, అడుగు మేర కోసీసి టేకు కాలు పెడతాను, మా అయ్య ఇలగే ఏసీవోడు" అన్నాడు. ఆ తర్వాత ఫొటో చూసి కళ్లజోడు పైకి నెట్టుకుని అతుకు దగ్గర చాలాసేపు ఆగాడు. మెట్టు కోత చూసి తలూపాడు. దూలం కింద రెండు మోపులు పెట్టి లేపి, మూడు రోజులు పట్టింది. లేత టేకు, పైన నల్ల తాడి. పాలిష్ వద్దన్నా.

మొన్న వారం అమ్మా నేనూ ఊళ్లోనే ఉన్నాం. మధ్యాహ్నం ఎండలో ఇద్దరు కుర్రాళ్లు గేర్ సైకిళ్ల మీద వచ్చి, అరుగు మీద నీడ చూసి ఆగారు, నీళ్లు అడిగారు. విశాఖ నుంచి బారువా వెళ్తున్నారట, హైవేలో వేడికి తట్టుకోలేక దారి మళ్లారు. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది, మజ్జిగిచ్చింది, కాసేపు పడుకోండి బావు అంది, నిజంగానే పడుకున్నారు, గంటన్నర. వాళ్లు వెళ్లాక అరుగు తుడుస్తూ నన్ను పిలిచి, "ఆ ప్లంబర్ రేపు వస్తాడు కదా, అరుగు పక్కన ఒక కుళాయి ఎయ్యమని చెప్పు, ప్రతిసారీ లోపల నించి మొయ్యలేను" అంది.